పద్నాలుగు గళ్ళ అట్టముక్క

బడి బస్సులో ఆయా పని అంటే అందరికీ లోకువే. పిల్లల్ని ఎక్కించడం, దించడం, అంతేగా అంటారు. అలా అనే పెద్దమనుషుల్ని ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, ముప్పై రెండు మంది పిల్లలున్న బస్సులో నిలబెట్టి చూడాలి. ఒకడికి కడుపులో తిప్పుతుంటుంది. ఒకతె బూటు కిటికీలోంచి రోడ్డు మీదకు దూకుతుంది. ఒకే నీళ్ళ సీసా నాదంటే నాదని ఇద్దరు జుట్లు పట్టుకుంటారు. వీటన్నిటి మధ్య ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద, చేతిలో హాజరు కాగితం, భుజాన వాంతి తుడిచే గుడ్డ. ఈ కథలో మనిషి పదకొండేళ్ళుగా ఆ మెట్టు మీదే ఉంది. పిల్లలు బస్సక్క అంటారు. ఆవిడకు అసలు పేరొకటి ఉందన్న సంగతి ఆఫీసు కాగితాలకు తప్ప ఎవరికీ పట్టదు.

నలభై ఆరేళ్ళు. బస్సు ఇంజనును మించిన గొంతు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా ఆరా తీస్తే, "ఉన్న ముప్పై రెండు మందితోనే చస్తున్నా, ఇంకెక్కడ పెట్టుకోను?" అని నవ్వేసేది. అసలు కారణం ఇంట్లో, వెనక గదిలో ఉంది. ఆవిడ తమ్ముడు.

తమ్ముడి సంగతి ముందు చెప్పాలి. లేకపోతే మిగతాదంతా ఎవరో మెతక మనిషి చేసిన గారాబంలాగా కనిపిస్తుంది.

చిన్నప్పుడు వాడు తరగతిలో ఉన్నట్టుండి రెండు చెవులూ మూసుకుని గావుకేకలు పెట్టేవాడు. చేతిలో ఏదుంటే అది విసిరేవాడు. మాస్టారు బెత్తంతో కొట్టేవాడు, ఇంటికి కబురు పంపేవాడు. ఇంట్లో నాన్న బెల్టుతో కొట్టేవాడు. దెబ్బకు దయ్యం వదులుతుందని నాన్న నమ్మకం. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని మాస్టారి నమ్మకం. ఇద్దరూ కలిసి ఆ మొక్కను వంచారు, వంచీ వంచీ విరిచేశారు. నాన్న కొడుతున్నంతసేపూ తమ్ముడి చేతులు కదలకుండా పట్టుకునే పని అక్కది. అప్పటికి ఆమెకు పన్నెండేళ్ళు. గట్టిగా పట్టుకుంటే తొందరగా అయిపోతుందని పట్టుకునేది. తమ్ముడు ఎనిమిదో ఏట బడి మానేశాడు. ఇప్పుడు నలభై రెండేళ్ళ మనిషి, గుమ్మం దాటడు. అలమరలో పైఅరన ఉన్న డబ్బా కోసం అక్క చెయ్యెత్తినా సరే, తల మీద మోచేతులు అడ్డం పెట్టుకుంటాడు.

నాన్న పోయిన ఏడాది, ఒక సాయంత్రం బట్టలు మడత పెడుతూ, ఏదో ఒక మాట ఉండాలి కదా అని అక్క అడిగింది.

"చిన్నప్పుడు బళ్ళో ఎందుకురా అంతలా అరిచేవాడివి?"

తమ్ముడు తలెత్తలేదు. టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

"నా నెత్తిమీద ఫ్యాను ఉండేది. కిర్రు కిర్రుమనేది. తల లోపల రంపం పెట్టి కోసినట్టుండేది."

"మరి ఆ ముక్క చెప్పొచ్చు కదరా!"

"ఎవరూ అడగలేదుగా."

మడత పెడుతున్న చొక్కా ఆమె ఒళ్ళోనే ఉండిపోయింది. ఒక్క బెంచీ. ఒక్క బెంచీ ఇటు జరిపి కూర్చోబెడితే సరిపోయేది. దానికోసం ఒక బెత్తం, ఒక బెల్టు, వాడి చేతులు నొక్కి పట్టుకున్న తన రెండు చేతులు. ఆ రాత్రికి ఇంట్లో ఉన్న రెండు ఫ్యాన్లూ ఆపేసింది, మళ్ళీ వెయ్యలేదు. తమ్ముడు మాత్రం ఆ రోజు నుంచీ కాస్త తేలికపడ్డట్టు కనిపించాడు. "ఎవరైనా అడిగుంటే నేనూ చదువుకునేవాణ్ణి అక్కా," అని అప్పుడప్పుడూ అనేవాడు. ఏడుస్తూ కాదు, తృప్తిగా అనేవాడు. తనలో లోపమేమీ లేదు, అడిగేవాళ్ళు లేకపోయారు, అంతే. ఆ మాట పట్టుకునే వాడు బతుకుతున్నాడని అక్కకు తెలుసు.

అప్పటి నుంచి బస్సులో ఆమె పద్ధతి మారింది. ఎవడైనా పేచీ పెడితే, కసురుకునే ముందు పక్కన కూలబడేది. "ముందు నీ గోడు చెప్పు. తర్వాత నా గోడు చెప్తా. ఆపైన ఉపాయం చూద్దాం," అనేది. సగం గొడవలు గోడు దగ్గరే తీరిపోయేవి. డ్రైవరు అద్దంలోంచి చూసి, "మా చెల్లెమ్మ కోర్టు పెట్టింది, అందరూ లేచి నిలబడండి," అని వేళాకోళం చేసేవాడు. పదిహేనేళ్ళ సర్వీసు, పొట్ట, స్టీరింగు రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే మనిషి. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు.

ఇక మీటరు సంగతి.

తొమ్మిదేళ్ళ పిల్ల, మూడో తరగతి. మీటరని పేరు పెట్టింది డ్రైవరే. దాటిన ప్రతి స్తంభాన్నీ, ప్రతి స్పీడు బ్రేకరునూ లెక్కపెట్టేది. మనిషి మొహం చూసి మాట్లాడదు, మాట్లాడితే గీత గీసినట్టు మాట్లాడుతుంది. ఆ పిల్లకిది మూడో బడి. ఇంటి దగ్గరున్న రెండు బడులూ వద్దు బాబోయ్ అని పంపేశాయి. తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని చేస్తుంది, పొద్దున ఏడుకల్లా మిషన్ దగ్గర ఉండాలి. బస్సుంటేనే పిల్లకు బడి. బస్సు లేదంటే బడీ లేదు. చివరిదాకా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదొక్కటే.

బస్సులో అల్లరి చేసిన పిల్లల మీద ఆయా పసుపు చీటీ రాయాలి. మూడు చీటీలయితే బస్సు పాసు రద్దు. బస్సక్క ఆ రూటుకు మారేసరికే మీటరు మీద రెండు చీటీలున్నాయి. పాత ఆయా మొదటి నెల్లోనే రాసిపడేసి వేరే బడికి వెళ్ళిపోయింది. రెండింటిలోనూ ఒకటే వాక్యం: కావాలని అరిచింది, పక్కవాళ్ళను కొట్టింది.

అరుపు నిజమే. బస్సక్క చెవులారా విన్నది. బస్సు సగం దారిలో ఉండగా పిల్ల ఒక్కసారిగా బిగుసుకుపోయి, కిటికీ ఊచకు తల కొట్టుకుంటూ అరిచేది. ఎవరైనా ముట్టుకుంటే చెయ్యి కొరికేది. ఒకరోజు ఇక్కడ, ఇంకోరోజు అక్కడ. సీటు మారిస్తే తగ్గలేదు. కిటికీ మూస్తే తగ్గలేదు. బస్సక్క రోజూ పక్కన కూర్చుని గోడు అడిగేది. "తెలీదు," అనేది పిల్ల. పదకొండు రోజులు అదే మాట. తెలీదు అంటే చెప్పను అని కాదని, నిజంగానే మాట దొరకట్లేదని తమ్ముణ్ణి పెంచిన మనిషికి అర్థమైంది. పన్నెండో రోజు ఆమె పద్ధతి మార్చింది.

"నేను ఊహించి చెప్తా. నా మాట ఎంత నిజమో వేళ్ళు చూపించు. అస్సలు కాదంటే పిడికిలి. మొత్తం నిజమైతే ఐదు వేళ్ళు. పక్కన కూర్చున్నోళ్ళ వల్లా?"

ఒక వేలు.

"బస్సు చప్పుడా?"

రెండు వేళ్ళు.

"బళ్ళోకి వెళ్ళడం ఇష్టం లేదా?"

పిడికిలి. గట్టి పిడికిలి. బడంటే ఇష్టమన్నమాట. 

వారం రోజులు వేళ్ళతోనే గడిచింది. చివరికి ఒక పొద్దున, ఏమీ అడగకుండానే, పిల్ల కిటికీ వైపు చూస్తూ అంది.

"నిన్న మార్కెట్ వైపు పోయింది. మొన్న పెట్రోలు బంకు వైపు పోయింది. ఇంకా ఎన్ని మలుపులున్నాయో తెలీట్లేదు. తెలీకపోతే అయిపోదు."

"ఏది అయిపోదు?"

"దారి. అది అయిపోదు, అట్లాగే ఉంటుంది."

ఐదు వేళ్ళూ చాచి చూపించింది.

నిజమే, మహానుభావుడు డ్రైవరు రోజుకో దారిన పోయేవాడు. ఎటు రద్దీ తక్కువైతే అటు. మనకది తెలివి, ఆ పిల్లకు మాత్రం అంతులేని చీకటి సొరంగం. బస్సక్క తన గోడు కూడా చెప్పింది. "నువ్వు అరిస్తే డ్రైవరన్న చెయ్యి వణుకుతుంది. బస్సులో ముప్పై రెండు మంది పిల్లలున్నారు. ఎక్కడైనా గుద్దేస్తాడని నాకు భయం." పిల్ల చాలాసేపు ఆలోచించింది. ఎవరూ ఇంతవరకు తమ భయాన్ని ఆమెతో చెప్పుకుని ఉండరు. "మలుపులు రాసివ్వు. నేను కొట్టేసుకుంటా," అంది. ఉపాయం పిల్లదే. బస్సక్క ఎక్కడా తనదని చెప్పుకోలేదు.

డ్రైవర్ని ఒప్పించడమే గగనమైంది. "నా బస్సు నేను తిప్పుకోడానికి మూడో క్లాసు పిల్ల పర్మిషనా!" అని ఎగిరిపడ్డాడు. రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. మూడో రోజు తనంతట తనే, "మార్కెట్ దారే పోదాంలే, రోజూ అదే. పద్నాలుగు మలుపులు. రాసుకోమను మీటర్ని," అన్నాడు.

ఆ సాయంత్రం బస్సక్క పాత బిస్కెట్ పెట్టె అట్ట తీసుకుని కత్తెరతో కుస్తీ పడుతుంటే, వెనక గదిలోంచి తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. వంకరగా కోస్తోందని వాడికి చూడబుద్ధి కాలేదు. అట్ట లాక్కున్నాడు. స్కేలు పెట్టి, అరచేతి పొడుగు ముక్క కోసి, ముందువైపు పద్నాలుగు గళ్ళు, తిరుగు ప్రయాణానికి వెనకవైపు పద్నాలుగు గళ్ళు, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా గీశాడు. అంకెలు వేశాడు. "రేపటిది రేపు చేస్తా," అన్నాడు. వాడి నోట రేపు అనే మాట విని ఎన్నేళ్ళయిందో అక్కకు గుర్తు రాలేదు.

ఐదు నెలలు. ఐదు నెలల పాటు మీటరు ఎక్కగానే అట్టముక్క అందుకునేది. సీటు రాడ్డుకు దారంతో కట్టిన పెన్సిలుతో మలుపు మలుపుకీ ఒక గడి కొట్టేసేది. పద్నాలుగోది కొట్టేసి, గేటు కనపడగానే, బ్యాగు తగిలించుకునేది. అరుపు లేదు, కొరుకుడు లేదు. వాడిన అట్టముక్కలు తమ్ముడు ఒక పెట్టెలో తేదీల ప్రకారం దాచుకునేవాడు. "ఎన్ని కొట్టింది?" అని రోజూ అడిగేవాడు. "పద్నాలుగూ," అనేది అక్క. వాడు తల ఊపేవాడు. "అడిగారు కాబట్టి చెప్పింది," అనేవాడు. రోజూ అదే మాట.

ఆ రోజుల్లోనే ఇంకో ఒప్పందం జరిగింది. పాత చీటీల సంగతి వచ్చినప్పుడు పిల్ల, "కావాలని అని రాశారు. కావాలని కాదు. తప్పు రాశారు," అంది. చీటీలు పడ్డందుకు లేని బాధ ఆ తప్పు మాటకు ఉంది. "నీ మీద నేనేం రాసినా ముందు నువ్వు చదువుతావు, ఆ తర్వాతే ఇస్తా," అని బస్సక్క మాటిచ్చింది. రాయాల్సిన పని పడుతుందని అప్పుడు అనుకోలేదు.

ఒకనాటి పొద్దున నాలుగో మలుపు దాటాక బస్సు ఆగిపోయింది. మార్కెట్ రోడ్డులో నీళ్ళ పైపు పగిలి, రోడ్డు నడుమ గొయ్యి. పోలీసు చెయ్యి ఊపి బస్సుల్ని పక్క రోడ్డుకు మళ్ళిస్తున్నాడు. డ్రైవరు తిట్టుకుంటూ స్టీరింగు తిప్పాడు. మీటరు అట్టముక్క వైపు చూసింది, కిటికీలోంచి చూసింది, మళ్ళీ అట్టముక్క వైపు చూసింది. వేళ్ళు పెన్సిలు మీద బిగుసుకున్నాయి.

బస్సక్క ఊగుతున్న బస్సులో నిలబడే హాజరు కాగితం తిరగేసింది. "అన్నా, ఇటు నుంచి బడికి ఎన్ని మలుపులు?" అని అరిచింది.

"ఆరు! ఆరుంటాయి!"

గబగబా ఆరు గళ్ళు గీసి పిల్ల చేతిలో పెట్టింది. "ఆరే. ఆరు కొట్టెయ్యి, బడి వస్తుంది."

ఇక్కడే తప్పు జరిగింది, అదీ బస్సక్క చేతుల మీదుగా. డ్రైవరు ఆ రోడ్డున పోయి రెండేళ్ళయింది, నోటికొచ్చిన అంకె చెప్పాడు. ఆమె దాన్ని గళ్ళు గీసి ఖాయం చేసింది. నాకూ తెలీదు, ఇద్దరం కలిసి లెక్కపెడదాం అంటే పోయేది. ఆ ఒక్క మాట ఆ పిల్ల భరించగలిగేదేమో. కానీ పిల్ల వణుకుతుంటే తెలీదు అనడానికి నోరు రాలేదు. ప్రేమతోనే అబద్ధం ఆడింది. బెల్టు పట్టుకున్న నాన్నదీ ప్రేమేనని ఒకప్పుడు అందరూ అనేవాళ్ళు.

ఆరో గడి కొట్టేశాక బస్సు ఏడోసారి తిరిగింది. "ఏడు," అంది పిల్ల మెల్లగా. ఇంకోసారి తిరిగింది. "ఎనిమిది." గళ్ళు లేవు. తొమ్మిదో మలుపులో అరుపు మొదలైంది. ఐదు నెలలు లోపల దాక్కున్నదంతా ఒక్కసారే బయటకు వచ్చినట్టుంది. బస్సక్క అందుకునేలోపే టిఫిన్ డబ్బా గాల్లోకి లేచింది. స్టీలు డబ్బా. ముందు సీట్లో ఎల్‌కేజీ పిల్ల వెనక్కి తిరిగి చూస్తోంది, సరిగ్గా మూతికి తగిలింది. పెదవి చిట్లింది, ముందు పన్ను ఊడి ఒళ్ళో పడింది. అది ఎలాగూ ఊడే పాలపన్నే. కానీ నెత్తురు నెత్తురే.

మధ్యాహ్నానికి ఆ చంటిపిల్ల తండ్రి ఫోటోలతో సహా ఆఫీసులో దిగాడు. ఆయన్నీ ఏమనలేం. ఎవరి బిడ్డ నెత్తురు వాళ్ళకు ఎరుపు. ఆయన వెళ్ళాక ట్రాన్స్‌పోర్ట్ సారు బస్సక్కను పిలిపించాడు.

సారు గది చిన్నది. గోడ మీద పన్నెండు బస్సుల రూట్లు రంగు గీతల్లో ఉంటాయి. మంచినీళ్ళు కూడా తాగకుండా ఫోన్లు ఎత్తే మనిషి, కళ్ళ కింద నలుపు. ఆయన చీటీల పుస్తకం తిరగేశాడు.

"ఐదు నెలల్లో ఈ పిల్ల మీద ఒక్క చీటీ లేదేంటమ్మా?"

"అల్లరి చెయ్యలేదు సార్, అందుకని లేదు."

"మరివాళ పన్నెలా ఊడింది? చెయ్యలేదని కాదు, నువ్వు దాచావని అర్థం వస్తుంది. ఆ తండ్రి అదే అంటున్నాడు."

ఆమె చెప్పింది. మలుపులు, వేళ్ళు, అట్టముక్కలు, తన తప్పు లెక్క, ఏదీ దాచకుండా చెప్పింది. వాడిన అట్టముక్క ఒకటి బల్ల మీద పెట్టింది. సారు దాన్ని తిప్పి చూశాడు. గళ్ళు చక్కగా ఉన్నాయన్నాడు. ఎగతాళిగా అనలేదు.

"నువ్వు చెప్పేది నాకు అర్థమవుతోందమ్మా. కానీ రేపు ఇంకో పైపు పగుల్తుంది. ఎల్లుండి ఇంకోటి. ప్రతిసారీ గళ్ళు గీస్తూ కూర్చుంటామా? ఇది బస్సు, ఆస్పత్రి కాదు. రాసెయ్యి."

చీటీలో అచ్చేసిన ప్రశ్న ఒకటుంది. కావాలని చేసిందా: అవును, కాదు. బస్సక్క కాదు మీద పెన్ను పెట్టింది.

"అక్కడ టిక్కు పెడితే జబ్బు కింద లెక్క," అన్నాడు సారు. "డాక్టరు సర్టిఫికెట్ వచ్చేదాకా ఎక్కనివ్వరు. ఇక అరవదని ఏ డాక్టరూ రాసివ్వడు. అవును అంటే మూడో చీటీ కింద పాసు రద్దు. నీ ఇష్టం."

"రెండిట్లో దేనికి పిల్ల బస్సులో ఉంటుంది సార్?"

సారు చీటీల పుస్తకం ఆమె వైపు జరిపాడు. ఫోను మోగింది, ఎత్తాడు. చేత్తో రాయమన్నట్టు సైగ చేశాడు. రాయనని లేచి వచ్చేయొచ్చు. అప్పుడు డ్రైవరు చేత రాయిస్తారు, ఆ మెట్టు మీద ఇంకో ఆయా నిలబడుతుంది, ఇంట్లో తమ్ముడి నోటికాడ కూడు పోతుంది, మీటరు ఎలాగూ పోతుంది. ఇన్ని లెక్కలు వేసుకుని బస్సక్క రాసింది. కాదు మీదే టిక్కు పెట్టింది. నిజం కాబట్టి పెట్టింది, దానివల్ల ఒరిగేదేమీ లేదని తెలిసే పెట్టింది.

సాయంత్రం బస్సులో మీటరు పక్కన కూర్చుంది. మార్కెట్ రోడ్డులో గొయ్యి పూడ్చేశారు, మామూలు దారే. ఏడేళ్ళు నిండని గుంపంతా ఆ రోజు వెనక సీట్లలోకి వెళ్ళిపోయింది. మీటరు చుట్టూ నాలుగు సీట్లు ఖాళీ. ఒప్పందం ప్రకారం, ఆఫీసులో ఇంకా ఇవ్వని చీటీ పిల్ల చేతికిచ్చింది. పిల్ల వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది.

"కారణం, దారి మారడం అని రాశావు. తప్పు. దారి మారినప్పుడు నేను అరవలేదు. నువ్వు ఆరు అన్నావు. తొమ్మిది ఉన్నాయి. అప్పుడు అరిచాను."

బస్సక్క కళ్ళు మూసుకుని తెరిచింది. పెన్ను తీసి ఆ మాట కొట్టేసి, పైన రాసింది: ఆయా తప్పు లెక్క చెప్పడం. పిల్ల ఐదు వేళ్ళు చూపించింది.

రెండు మలుపులు గడిచాయి. రెండు గళ్ళు కొట్టేసుకుంది. తర్వాత, తలెత్తకుండానే, "నా గోడు అయిపోయింది. ఇప్పుడు నీ గోడు చెప్పు," అంది.

"రేపటి నుంచి మీ సందులో బస్సు ఆగదమ్మా. నిన్ను ఎక్కించుకోవద్దన్నారు. నాకు ఏడుపొస్తోంది."

పిల్ల ఆలోచించింది. మూడో అడుగు ఆమెకు బాగా తెలుసు, ఐదు నెలలుగా తప్పలేదు.

"ఉపాయం?"

పొద్దున అనలేని మాట ఇప్పుడు వచ్చింది. "నాకు తెలీదు తల్లీ."

పిల్ల తల ఊపింది. తప్పు అనలేదు. ఐదు వేళ్ళూ చాచి చూపించింది. నిజం చెప్పినందుకు చూపించింది. అద్దంలోంచి చూస్తున్న డ్రైవరు అద్దం పక్కకు తిప్పేసుకున్నాడు.

సందు మొదట్లో తల్లి నిలబడి ఉంది. లాండ్రీ వేడికి చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఆఫీసువాళ్ళు ఫోను చేసేశారు. పిల్ల దిగింది. తల్లి కొడుతుందేమోనని బస్సక్క మెట్టు మీదే బిగుసుకుని నిలబడింది. కొట్టలేదు. అంత ఓపిక కూడా ఆవిడ దగ్గర లేదు.

"గదికి తాళం వేసి పోవాల్సిందే అక్కా, ఇంకేం చెయ్యను," అంది. "ఇన్నాళ్ళూ నువ్వున్నావు."

ఉన్నావు అన్న మాటకు బస్సక్క తల దించుకుంది.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. బల్ల మీద రేపటి అట్టముక్క సిద్ధంగా ఉంది. ముందు పద్నాలుగు, వెనక పద్నాలుగు. తమ్ముడు పెన్సిలు చెక్కుతున్నాడు.

"ఎన్ని కొట్టింది?"

"రేపటికి అక్కర్లేదురా. ఇవాళ అరిచిందని దాన్ని బస్సులోంచి తీసేశారు."

తమ్ముడి చెయ్యి ఆగింది. "ఎందుకు అరిచిందో అడిగారా?"

"అడిగాన్రా."

"చెప్పిందా?"

"చెప్పింది. అన్నీ చెప్పింది. నేను వెళ్ళి వాళ్ళకీ చెప్పాను."

"విన్నారా?"

"విన్నారు."

తమ్ముడు అక్క మొహం వైపు చూశాడు. అలా సూటిగా చూడటం వాడికి చేతకాదు, అయినా చూశాడు.

"అయినా తీసేశారా?"

అక్క తల ఊపింది.  ఇన్నేళ్ళుగా వాడు పట్టుకుని వేలాడుతున్న ఒక్క కొమ్మ ఆమె కళ్ళ ముందే విరిగింది. అడిగినా ఇంతేనన్నమాట. ఫ్యాను సంగతి అప్పుడే చెప్పుకుని ఉన్నా ఇంతేనన్నమాట.

వాడు రబ్బరు తీసుకుని రేపటి గళ్ళను ఒకటో అంకె నుంచి చెరపడం మొదలుపెట్టాడు. తొందరపడకుండా, ఒక్కో గడీ ఆనవాలు లేకుండా చెరిపాడు. ఆపమని చెయ్యి పట్టుకుందామని అక్క చెయ్యి చాచింది. వాడు రబ్బరు వదిలేసి, తల మీద మోచేతులు అడ్డం పెట్టుకున్నాడు.